గర్డర్‌ని పిల్లర్ మీద ఏం పట్టి ఉంచుతుంది? సునామీ వస్తే మా ఊరి కొత్త వంతెన నిలుస్తుందా?

రేపల్లె_రాజు
ఉండేది గుంటూరు బ్రాడీపేటలో, ఊరు మాత్రం నిజాంపట్నం వైపు. సముద్రం రెండు కిలోమీటర్లు కూడా ఉండదు, రాత్రిపూట హోరు వినిపిస్తుంది. ఊరి డ్రెయిన్ మీద పాత వంతెన పడగొట్టి మూడు స్పాన్లతో (స్పాన్ అంటే రెండు పిల్లర్ల మధ్య ముక్క) కొత్తది వేస్తున్నారు. మొన్న ఆదివారం వెళ్తే క్రేన్‌తో గర్డర్లు, అంటే పొడవాటి కాంక్రీటు దూలాలు, ఎక్కిస్తున్నారు, కాసేపు నిలబడి చూశా. పిల్లర్ మీద అడ్డంగా కాంక్రీటు దిమ్మె, దాని మీద జానెడంత నల్ల రబ్బరు ప్యాడ్, ఆ ప్యాడ్ మీద గర్డర్. అంతే. బోల్టు లేదు, వెల్డింగు లేదు. ఇది కదలకుండా ఏం కట్టారయ్యా అని మేస్త్రిని అడిగితే నవ్వి "దాని బరువే దానికి ముడి బాబూ" అన్నాడు.
అప్పుడు బాగానే ఉందనిపించింది. గుంటూరు తిరిగొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. 2004 డిసెంబరులో నీళ్లు ఇదే డ్రెయిన్ వెంట లోపలికొచ్చి మా బాబాయ్ వాళ్ల పడవని గట్టెక్కించి పోయాయి. అంత పడవని లేపిన నీళ్లు వంతెనని లేపవా? పడవకి లోపల ఖాళీ ఉంటుంది, వంతెనకి ఉండదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. తెలిసినవాళ్లు చెప్పండి, తీరంలో వంతెనలు కట్టేటప్పుడు సునామీ లెక్క వేస్తారా, లేక వచ్చినప్పుడు చూద్దాంలే అనుకుంటారా?

గుంటూరు_ఘాటు
డొంకరోడ్డు మూడు వంతెనల కింద గంట వాన పడితే ఆటో మునుగుతుంది. ముందు దాని సంగతి చూడమనండి గురూ, సునామీ తర్వాత.

బెజవాడ_బైపాస్
అక్కడ మునిగేది వంతెన కాదు, మనం. వేరే సబ్జెక్టు అది.

సైట్_ఇంజినీరు_7
@రేపల్లె_రాజు మేస్త్రి అబద్ధమేమీ చెప్పలేదు. మామూలు గర్డర్ వంతెనలన్నీ అంతే. ఆ రబ్బరు ప్యాడ్‌ని ఎలాస్టోమెరిక్ బేరింగ్ అంటారు, లోపల స్టీలు రేకులు పొరలు పొరలుగా ఉంటాయి. ఎండకి స్పాన్ సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, లారీ బ్రేకు వేస్తే కొంచెం ముందుకు కదులుతుంది, అందుకే బిగించరు. పక్కకి జరక్కుండా పియర్ క్యాప్ (పిల్లర్ మీద మీరు చూసిన ఆ దిమ్మె) మీద రెండు వైపులా కాంక్రీటు స్టాపర్లు పోస్తారు, అవి భూకంపానికి. కింద నుంచి పైకి లేపే బలం ఒకటి వస్తుందని మామూలు డ్రాయింగుల్లో ఎవరూ అనుకోరు.
కానీ మీరు సర్దిచెప్పుకున్న మాట మాత్రం తప్పు. వంతెనకి కూడా లోపల ఖాళీ ఉంది. స్లాబ్ పైన, రెండు పక్కలా గర్డర్లు, చివర్లో డయాఫ్రం అనే అడ్డగోడలు. కింద నుంచి చూడండి, బోర్లించిన డబ్బా లాగే ఉంటుంది.

లెక్కల_టీచర్
బోర్లించిన చెంబుని బకెట్లో నొక్కినట్టు. పిల్లలకి ఏడో తరగతిలో చేయించే ప్రయోగం.

సైట్_ఇంజినీరు_7
అదే అదే. నీళ్లు నెమ్మదిగా కింద నుంచి వస్తే గాలి పోవడానికి దారి ఉండదు. మీ వంతెన కొలతలు నాకు తెలీదు కాబట్టి మామూలు రెండు లైన్ల స్పాన్ ఒకటి తీసుకుంటున్నా. 30 మీటర్ల పొడవు, మూడు గర్డర్లు, మొత్తం కాంక్రీటు 155 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు రెండున్నర టన్నులు, అంటే 388 టన్నులు. గర్డర్ల మధ్య రెండు ఖాళీలు, ఒక్కోటి రెండున్నర మీటర్ల వెడల్పు, ఒకటిన్నర లోతు, 30 పొడవు. రెండూ కలిపి 225 ఘనపు మీటర్ల గాలి. సముద్రపు నీటి లెక్కలో 231 టన్నులు పైకి లేపుతుంది. ఇంకా 157 టన్నులు మిగిలాయి కాబట్టి లేవదు గానీ తేలికవుతుంది.

గుంటూరు_ఘాటు
మరి లేవదన్నావుగా, ఇంక థ్రెడ్ మూసేయండి.

లెక్కల_టీచర్
ఆగండాగండి. @సైట్_ఇంజినీరు_7 గాలి ఒక్కటే లెక్క వేశారు. కాంక్రీటు కూడా నీళ్లలోనే మునిగింది కదా? అది తొలగించిన 155 ఘనపు మీటర్ల నీళ్ల బరువు 159 టన్నులు, అదీ పైకే. 157లోంచి 159 తీసేస్తే మైనస్ రెండు. మీ వంతెన తేలింది సార్.

బెజవాడ_బైపాస్
మైనస్ రెండు 😳 టీచరమ్మ ఒక్క మార్కు కూడా వదల్లేదు.

సైట్_ఇంజినీరు_7
ఒప్పుకుంటున్నా. రాత్రి పన్నెండింటికి ఫోన్‌లో లెక్కలు వేస్తే ఇంతే.

పీడబ్ల్యూడీ_తాత
ఇద్దరూ ఒకటి మర్చిపోయారు. గాలి నొక్కుకుంటుంది. డెక్ పై దాకా నీళ్లు వచ్చేసరికి లోపలి గాలి మీద ఒకటిన్నర మీటర్ల నీటి ఒత్తిడి ఉంటుంది, ఎనిమిదో వంతు చొప్పున తగ్గించండి. 231 కాస్తా 205 లోపు అవుతుంది. అంటే పాతిక టన్నుల బరువు మిగులుతుంది. తేలలేదు, తేలడానికి సిద్ధంగా ఉంది.
సంతోషపడకండి. 388 టన్నుల స్పాన్ పాతిక టన్నులైతే రబ్బరు ప్యాడ్ మీద దాని పట్టు ఎంత? పట్టు అంతా బరువులోంచి వచ్చేదే. మేస్త్రి చెప్పిన ముడి నీళ్లే విప్పేస్తాయి, ఆ తర్వాత అల వచ్చి తోయడం లాంఛనం.

రేపల్లె_రాజు
మాస్టారూ ఇప్పుడు ఇంకా నిద్ర పట్టదు. ఆ తోపుడు ఎంత ఉంటుంది?

సైట్_ఇంజినీరు_7
దానికి మన కోడ్‌లోనే సూత్రం ఉంది. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 6లో నీటి ప్రవాహం ఒత్తిడికి 52ని కె తోనూ, వేగం వర్గంతోనూ గుణించమంటుంది, జవాబు చదరపు మీటరుకి కిలోల్లో. కె అంటే ఆకారం. గుండ్రటి పిల్లర్‌కి 0.66, చదరంగా ఉన్నదానికి 1.5. అది నది ప్రవాహానికి రాసింది, సునామీకి కాదు, కానీ అందాజుకి పనికొస్తుంది. మొగ దగ్గర సెకనుకి ఆరు మీటర్ల వేగం అనుకోండి. 52 ఇంటూ 1.5 ఇంటూ 36, అంటే చదరపు మీటరుకి 2,800 కిలోలు. స్పాన్ పక్క ముఖం రెండు మీటర్ల ఎత్తు, 30 పొడవు, 60 చదరపు మీటర్లు. మొత్తం 168 టన్నులు.
పోలిక కోసం గాలి. గంటకి 180 కిలోమీటర్ల తుపాను గాలి చదరపు మీటరుకి 150 కిలోల చిల్లర. మనం తుపాను అంటే గాలికే భయపడతాం, నీళ్లు దానికి పది రెట్ల పైన.
(టీచర్ గారూ ఈసారి మీరు చూశాకే పోస్ట్ చేద్దామనుకున్నా)

లెక్కల_టీచర్
ఈసారి సరిగ్గానే ఉంది.

గుంటూరు_ఘాటు
ఒక్క మాట. సెకనుకి ఆరు మీటర్లు అని ఎవరు చెప్పారు? మనది జపాన్ కాదు. 2004లో మన రాష్ట్రంలో ఒక్క వంతెనైనా పోయిందా? ఊరికే జనాల్ని భయపెట్టడం.

పీడబ్ల్యూడీ_తాత
@గుంటూరు_ఘాటు నీ మాటలో సగం న్యాయం ఉంది. 2004లో సుమత్రా దగ్గర కదిలిన భూమి మన తీరానికి చాలా దూరం, రెండున్నర గంటలు పట్టింది రావడానికి. మన రాష్ట్రంలో వంద మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఒడ్డున ఉన్నవాళ్లూ వేటకి వెళ్లినవాళ్లూనూ. వంతెనలు విరగలేదు.
రెండో సగం వినాలి. నీకు సునామీ అక్కర్లేదు. 1977 నవంబరు 19 ఉంది.

అవనిగడ్డ_అక్క
ఆ తేదీ రాస్తారని చూస్తూనే ఉన్నా. నాకు అప్పుడు ఆరేళ్లు. నీళ్లు తాటిచెట్టు సగం దాకా వచ్చాయని మా నాన్న చెప్పేవాడు, అంత ఉన్నాయో లేదో గానీ ఐదారు మీటర్ల ఉప్పెన అని తర్వాత లెక్కల్లో రాశారు. పదివేల మంది. మా అమ్మమ్మ వాళ్ల ఇంట్లో పదకొండు మందికి ఇద్దరు మిగిలారు.
నాకు గుర్తున్నది వేరే. సాయం రాలేదు. తిండి పొట్లాలు రావాలంటే రోడ్డు ఉండాలి, రోడ్డు తెగిపోయింది. డ్రెయిన్ల మీద తూములూ చిన్న వంతెనలూ కొన్ని నిలబడే ఉన్నాయి, వాటికి రెండు వైపులా కట్ట లేదు. మధ్యలో వంతెన ఒంటరిగా, మెట్లు లేని అరుగులాగా. మా నాన్న దాన్ని చూపించి "వంతెన ఉంది, దారి లేదు" అనేవాడు. మీరు గర్డర్ల గురించి ఇంత మాట్లాడుతున్నారు, అప్రోచ్ కట్ట గురించి ఒక్కరూ ఎత్తలేదు.

బెజవాడ_బైపాస్
అక్క పాయింట్ 🙏

కాంట్రాక్టరు_కొడుకు
అప్రోచ్ కట్టలే ముందు పోతాయి, ఇది మా ఇంట్లో రోజూ వినే మాట. వంతెనకి డిజైన్ ఉంటుంది, కట్టకి "మట్టి పోసి రోల్ చేయండి" అంతే. అబట్‌మెంట్ (వంతెన చివర కట్టని ఆనుకునే గోడ) వెనకాల మట్టి సరిగ్గా దట్టించరు, రాతి కట్టుబడి నదివైపే వేస్తారు, నీళ్లు మీద నుంచి పొర్లి వెనక వైపు దిగితే ఆపేది ఏమీ లేదు. దానికి వేరే బిల్లు లేదు కదా మరి.

సెండాయ్_సుబ్బు
మాది తెనాలి, తొమ్మిదేళ్లుగా జపాన్‌లో సెండాయ్‌లో ఉద్యోగం. వంతెనలు నా పని కాదు, కంప్యూటర్లు. కానీ ఇక్కడికి ఉత్తరాన మినామిసాన్‌రికు అని ఊరుంది, అక్కడ ఉతాత్సు వంతెన కథ తెలియనివాళ్లు ఉండరు. 1972లో కట్టారు, సముద్రం పక్కనే 45వ నంబరు హైవే మీద, 12 కాంక్రీటు స్పాన్లు. 2011 మార్చి 11న 8 స్పాన్లు లేచి ఊరివైపు పడ్డాయి. పిల్లర్లు నిలబడే ఉన్నాయి! ఫొటోల్లో చూస్తే వరసగా పిల్లర్లు, పైన ఏమీ లేదు.
@రేపల్లె_రాజు ఇంకోటి వినండి. 1995లో కోబే భూకంపం తర్వాత వీళ్లు వంతెనలన్నిటికీ గొలుసులూ స్టాపర్లూ పెట్టి బిగించుకున్నారు, దానివల్ల 2011లో భూమి ఊగడం వల్ల పోయినవి తక్కువే. నీళ్లు కొట్టుకెళ్లినవి మాత్రం 200 పైనే. అంటే పక్కకి ఊగడానికి తయారయ్యారు, పైకి లేవడానికి కాదు.

సైట్_ఇంజినీరు_7
@సెండాయ్_సుబ్బు నేను మొదట్లో రాసిన స్టాపర్ల సంగతి సరిగ్గా ఇదే. స్పాన్ పావు మీటరు పైకి లేస్తే స్టాపర్ ఉండీ లేనట్టే, దాటేస్తుంది.

గుంటూరు_ఘాటు
సరే జపాన్ వదిలేద్దాం. అమెరికావాడు కూడా పోగొట్టుకున్నాడా?

సైట్_ఇంజినీరు_7
2005 కత్రినా తుపానులో న్యూ ఆర్లీన్స్ పక్కన పాంచర్‌ట్రెయిన్ సరస్సు మీద ఐ-10 జంట వంతెనలు. సునామీ కాదు, ఉప్పెన, దాని మీద అలలు. స్పాన్ల కింద గాలి చిక్కి వరసగా పక్కకి జరిగి కొన్ని నీళ్లలో పడ్డాయి. తమాషా ఏంటంటే పక్కనే 1928 నాటి పాత వంతెన నిలిచింది, కొన్నాళ్లు దాని మీదే బండ్లు నడిపారు. దెబ్బతిన్న జంట వంతెనలు నీటికి ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో ఉండేవి, వాటి బదులు కొత్తవి 30 అడుగుల ఎత్తులో కట్టారు. ఆ దెబ్బకే 2008లో తీర తుపానుల కోసం వాళ్ల రాష్ట్రాల రహదారి, రవాణా అధికారుల సంస్థ ఆష్టో వేరే మార్గదర్శకాలు రాసుకుంది. సునామీకి విడిగా రాసింది మాత్రం 2022లో.

పీడబ్ల్యూడీ_తాత
అంత దూరం ఎందుకు, మన రామేశ్వరం దగ్గర పాంబన్ రైలు వంతెన. 1964 డిసెంబరు తుపానులో గర్డర్లు కొట్టుకుపోయాయి, మధ్యలో పైకి తెరుచుకునే షెర్జర్ స్పాన్ మాత్రం నిలిచింది. శ్రీధరన్ గారు 46 రోజుల్లో మళ్లీ రైలు నడిపించారు, సముద్రంలో పడ్డ గర్డర్లనే చాలావరకు పైకి తీసి వాడుకుని. నాకు అక్కడ అర్థమైంది ఏంటంటే పునాది, పిల్లరు మిగిలితే నెలన్నరలో తిరిగి నిలబెట్టొచ్చు. పునాది పోతే ఏళ్లు.
అందుకని నా మాట ఇది, తిట్టినా పర్లేదు. స్పాన్‌ని మరీ గట్టిగా కట్టకండి. పోతే పోనీయండి.

కాంట్రాక్టరు_కొడుకు
తాతా!! పోనీయమంటారా? జనం దాని మీద ఉంటే?

పీడబ్ల్యూడీ_తాత
హెచ్చరిక రెండు గంటల ముందు వస్తుంది, హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్‌లో సునామీ కేంద్రం 2007 నుంచి పని చేస్తోంది. దాని మీద జనం ఉండకూడదు. నేను చెప్పేది బలం సంగతి. స్పాన్‌ని పిల్లర్‌కి కడ్డీలతో బిగిస్తే ఇంజినీరు చెప్పిన 168 టన్నులూ పిల్లర్ తలమీదకొస్తాయి. ఎనిమిది మీటర్ల పిల్లర్ అయితే అడుగున 1,300 టన్ను-మీటర్ల వంపు. దానికి తట్టుకునే పునాది వేశావా? వేయకుండా కడ్డీలు మాత్రం బిగిస్తే స్పానూ పోతుంది, పోతూ పోతూ పిల్లర్‌నీ లాక్కుపోతుంది. వేటకి వెళ్లి లంగరు పట్టేస్తే తాడు కోసేస్తారు, పడవని ముంచుకోరు.

సైట్_ఇంజినీరు_7
సార్, గౌరవంగానే విభేదిస్తా. ఆ తర్కం పది ఊళ్లకి పది దారులున్న చోట సరిపోతుంది. ఆష్టో వాళ్లు కూడా వంతెన ముఖ్యం కాకపోతే పోయినా పర్లేదనే అంటారు, ముఖ్యమైతే ఎత్తు పెంచు, అదీ కుదరకపోతే బలానికి డిజైన్ చెయ్యి. పెనుమూడి పులిగడ్డ వంతెన పోతే రేపల్లె నుంచి అవనిగడ్డ వెళ్లాలంటే బెజవాడ తిరిగి రావాలి. దాన్ని "పోనీ" అనగలమా?

అవనిగడ్డ_అక్క
ఆ వంతెన రాకముందు పంటు మీద దాటేవాళ్లం. పోటు మీదుంటే ఒక గంట, పాటు అయితే ఇసుకలో దిగబడి రెండు గంటలు. ఆ రోజులు మళ్లీ వద్దు తండ్రీ.

పీడబ్ల్యూడీ_తాత
దాన్ని పోనీయమనలేదమ్మా. అది ఎత్తు మీద ఉంది, పెద్ద వంతెన. నేను చెప్పేది డ్రెయిన్ల మీద రెండు మూడు స్పాన్ల వాటి గురించి.

రేపల్లె_రాజు
మా ఊరికి ఆ రెండు మూడు స్పాన్లదే దిక్కు మాస్టారూ. అవతల వైపు మూడొందల గడప ఉంది, ఇవతలికి రావడానికి అదొక్కటే.

పీడబ్ల్యూడీ_తాత
అయితే నీది వేరే కేసు. ఒప్పుకున్నా.

సెండాయ్_సుబ్బు
ఇక్కడ వాళ్లు ఏం చేశారంటే కొత్త రోడ్డునే సముద్రానికి దూరంగా, ఎత్తు మీదకి మార్చారు. సెండాయ్ నుంచి హచినోహె దాకా 359 కిలోమీటర్లు, 2021 డిసెంబరుకి పూర్తయింది. కమైషి దగ్గర ఒక ముక్క మాత్రం సునామీకి ఆరు రోజుల ముందు, 2011 మార్చి 5న తెరిచారు. ఆ రోజు పిల్లలూ జనం పరుగెత్తి ఎక్కింది ఆ రోడ్డే.

గుంటూరు_ఘాటు
కొండలున్నాయి కాబట్టి ఎక్కారు. నిజాంపట్నంలో ఎత్తు అంటే కరకట్ట, దాని తర్వాత వాటర్ ట్యాంకు.

బెజవాడ_బైపాస్
ఘాటన్న మొదటిసారి కరెక్టు మాట అన్నాడు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.
నాదొక డౌటు. నీళ్లతో పాటు వచ్చే సామాను సంగతి? 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు గేట్లు నిలిచాయి, కొట్టుకొచ్చిన పడవలు కౌంటర్ వెయిట్లని (గేట్లకి తూకంగా ఉండే బరువు దిమ్మెల్ని) పగలగొట్టాయి. ఆ పడవల్ని తీయడానికి ఎన్ని రోజులు పట్టిందో బెజవాడంతా కృష్ణలంక వైపు నుంచి నిలబడి చూసింది, నేనూ టీ తాగుతూ చూసినవాణ్ణే. ఇక్కడ నిజాంపట్నం హార్బర్‌లో ఎన్ని మరబోట్లు ఉంటాయి?

సైట్_ఇంజినీరు_7
చాలా మంచి ప్రశ్న. నీళ్ల ఒత్తిడి అంతా ఒకేలా పడుతుంది, పడవ దెబ్బ ఒకే చోట పడుతుంది. 40 టన్నుల బోటు సెకనుకి నాలుగు మీటర్ల వేగంతో వచ్చి పిల్లర్‌కి తగిలితే ఒక తంతు, అది అడ్డంగా ఇరుక్కుని వెనకాల చెత్తంతా పోగుపడితే ఇంకో తంతు. రెండోది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే వంతెన కాస్తా ఆనకట్ట అయిపోతుంది, మనం వేసుకున్న 60 చదరపు మీటర్లు నూటయాభై అవుతాయి. అందుకే తీరంలో నాలుగు చిన్న స్పాన్ల కంటే రెండు పెద్ద స్పాన్లు మేలంటారు.

కాంట్రాక్టరు_కొడుకు
పక్క గోడలు కూడా. ఇప్పుడు అందరూ మీటరు ఎత్తు కాంక్రీటు క్రాష్ బారియర్ పోస్తున్నారు, నీళ్లకి అది తెరచాప. పాతకాలం పైపు రెయిలింగు అయితే నీళ్లు సందుల్లోంచి పోతాయి. కానీ బస్సు గుద్దితే రెయిలింగు ఆపదు. రోజూ బస్సు, ఎప్పుడో సునామీ, ఏది ఎంచుకుంటారు?

లెక్కల_టీచర్
అసలు తేలిగ్గా అయ్యే పని ఒకటి అడుగుతా. ఆ చెంబుకి చిల్లు పెడితే?

సైట్_ఇంజినీరు_7
పెట్టొచ్చు, పెడతారు కూడా. స్లాబ్‌లో గర్డర్ల మధ్య ఖాళీ ఉన్నచోట పైపు ముక్కలు నిలబెట్టి పోత పోస్తే గాలి పోవడానికి దారి. ఒక స్పాన్‌కి ఆరంగుళాల పైపులు డజను పెట్టారనుకోండి. 225 ఘనపు మీటర్ల గాలి నిమిషంలో పోవాలంటే ఆ చిల్లుల్లో వేగం సెకనుకి 18 మీటర్లు, హాయిగా పోతుంది.

పీడబ్ల్యూడీ_తాత
అల గోడలాగా వస్తే నిమిషం ఎక్కడిది? ఐదు సెకన్లే అనుకో.

సైట్_ఇంజినీరు_7
అప్పుడు 200 మీటర్లు దాటాలి, అయ్యే పని కాదు. నిజమే సార్, చిల్లులు నీటిమట్టం పెరిగే సునామీకి పని చేస్తాయి, గోడలా విరుచుకుపడేదానికి సగమే. కానీ తీరం నుంచి రెండు కిలోమీటర్లు లోపల, డ్రెయిన్‌లో చాలావరకు మట్టం పెరగడమే చూస్తాం. పైపుల ఖర్చు ఎంత? మొత్తం వంతెన ఖర్చులో టీ ఖర్చు.

కాంట్రాక్టరు_కొడుకు
ఖర్చు కాదు సమస్య. స్లాబ్‌కి చిల్లు కనిపిస్తే చెకింగ్‌కి వచ్చినాయన "ఇదేంటి హనీకోంబా" (కాంక్రీటులో గుల్లా) అంటాడు. మేస్త్రి భయపడి సిమెంటు పెట్టి పూడ్చేస్తాడు. నా కళ్లతో చూశా, వానాకాలంలో నీళ్లు పోవడానికి పెట్టిన డ్రెయిన్ పైపుల్నే పూడ్చారు ఒక చోట.

గుంటూరు_ఘాటు
😂😂 పూర్తిగా మనవాళ్లే.

పీడబ్ల్యూడీ_తాత
కింద సంగతి కూడా చెప్పి పడుకుంటా. మనం కోత లోతు, అంటే ప్రవాహం అడుగున మట్టిని తవ్వుకుపోయే లోతు, లేసీ అనే ఇంజినీరు సూత్రంతో వేస్తాం, వచ్చిన లోతుకి పియర్ దగ్గర రెండింతలు, అబట్‌మెంట్ దగ్గర 1.27 రెట్లు. అది నదిలో ఒకే వైపు పారే వరదకి పుట్టిన లెక్క. సునామీ వస్తుంది, నిలబడుతుంది, వెనక్కి లాగుతుంది, పావుగంటకో అరగంటకో మళ్లీ వస్తుంది. వెనక్కి లాగేటప్పుడు పైన నీటి బరువు ఒక్కసారి తగ్గుతుంది, ఇసుకలో చిక్కుకున్న నీళ్లు కింద నుంచి పైకి తంతాయి, ఇసుక పట్టు వదిలేస్తుంది. మన తీరమంతా ఇసుకా ఒండ్రూను. అందుకే నేను పైల్స్ (పునాదికి భూమిలోకి దించే స్తంభాలు) లోతు విషయంలో పిసినారితనం వద్దంటాను. పైన పోతే 46 రోజులు అన్నది కింద మిగిలితేనే.

అవనిగడ్డ_అక్క
తాతగారూ కట్ట సంగతి మళ్లీ దాటేశారు.

పీడబ్ల్యూడీ_తాత
దాటలేదమ్మా, తప్పు నాదే. అబట్‌మెంట్‌కి రెండు వైపులా కనీసం వంతెన పొడవంత మేర కట్టకి రెండు పక్కలా రాతి పరుపు, అడుగున కాలి గోడ, వెనక వైపు కూడా. ఇంకా మంచిది, కట్ట తగ్గించి ఇంకో స్పాన్ పెంచడం. నీళ్లకి దారి వదిలితే కట్ట జోలికి రావు.

బెజవాడ_బైపాస్
సునామీ కృష్ణలో ఎదురెక్కి బెజవాడ వస్తుందా అని అడుగుదామనుకుంటున్నా, నవ్వకండి.

సెండాయ్_సుబ్బు
నవ్వేదేం లేదు. 2011లో కితకామి నదిలో దాదాపు 50 కిలోమీటర్లు పైకి దాని జాడ కనిపించింది.

బెజవాడ_బైపాస్
మధ్యలో బ్యారేజీ ఉంది కదా... ఉంది కదా?

రేపల్లె_రాజు
నిన్న ఆదివారం మళ్లీ వెళ్లొచ్చా, చెప్పాలి. టేపు తీసుకెళ్లి కొలిచా, మేస్త్రి నన్ను వింతగా చూశాడు. స్పాన్ 30 కాదు, 24 మీటర్లు. గర్డర్లు మూడే. డయాఫ్రంలు పోత అయిపోయాయి, రెండు చివరలా మధ్యలో ఒకటి, కింద దూరి చూస్తే నిజంగా బోర్లించిన డబ్బాలే, నాలుగు గదులు వరసగా ఉన్నట్టు. స్టాపర్లు ఉన్నాయి, పిడికిలి సందు వదిలి. అవతలి వైపు కట్టకి రాయి నదివైపే.
స్లాబ్ ఇంకా పోయలేదు. సెంట్రింగ్ కొడుతున్నారు. సూపర్‌వైజర్ కుర్రాడు మంచివాడే, మా జిల్లావాడే, పైపుల సంగతి చెప్తే విన్నాడు. "అన్నా నాకు అర్థమైంది, కానీ డ్రాయింగ్‌లో లేని చిల్లు నేను పెడితే నా ఉద్యోగానికి చిల్లు పడుద్ది, రాతలో ఇవ్వండి, పైకి పంపుతా" అన్నాడు. బుధవారం కాంక్రీటట.
మేస్త్రి ఒక్కడే ఆసక్తిగా అడిగాడు, నీళ్లలో బరువు తగ్గుతుందా నిజంగా అని. టీ కొట్టు దగ్గర బకెట్లో గ్లాసు బోర్లించి చూపించా. చెయ్యి పెట్టి నొక్కి చూశాడు, ఏం మాట్లాడలేదు. తర్వాత "పైపులు రాస్తే నేను పూడ్చనులే" అన్నాడు.

కాంట్రాక్టరు_కొడుకు
@రేపల్లె_రాజు రాతలో "సునామీ" అని రాయకు, నవ్వి పక్కన పడేస్తారు. "1977 ఉప్పెన మట్టం" అని రాయి. ఆ మాటకి మన దగ్గర ఎవరూ నవ్వరు.

సైట్_ఇంజినీరు_7
24 మీటర్లకి లెక్క మళ్లీ వేసి సాయంత్రానికి పెడతా. ప్రతి గదికి కనీసం రెండు పైపులు, స్లాబ్ ఎత్తుగా ఉన్న వైపు. అడుగున జాలీ పెట్టమనండి, లేకపోతే పిచ్చుకలు గూళ్లు కడతాయి.

లెక్కల_టీచర్
పెట్టేముందు నాకు చూపించండి 🙂

అవనిగడ్డ_అక్క
రెండో కాగితం మీద కట్టకి రాయి గురించి కూడా రాయి నాయనా. అవతలి వైపు, వెనక పక్క.

రేపల్లె_రాజు
రాస్తున్నా అక్కా. రేపు పొద్దున ఏడింటి బస్సుకి వెళ్తున్నా.